1483 నాటి విజ్ఞాన సర్వస్వపు విడి ఆకు: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా దాచాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు "మధ్యయుగ విజ్ఞాన సర్వస్వం, న్యూరెంబర్గ్, 1483, అసలు ఆకు" అని ఒక విడి కాగితాన్ని 120 డాలర్లకు పెట్టారు. ఫోటో ఒకవైపుదే ఉంది. అది అసలుదేనా? ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? విజయవాడ వాతావరణంలో పాడవకుండా ఎలా ఉంచాలి?

నేరుగా చెబుతాను. ఆ ధరకు ఆ కాలపు అసలు ఆకు దొరకడం మామూలే. బొమ్మలు లేని లాటిన్ ఆకులు నూరు డాలర్లకు అటూ ఇటూగా తరచూ అమ్మకానికి వస్తాయి. కాబట్టి ధర చూసి అనుమానపడక్కర్లేదు. ఒకవైపు ఫోటో చూసి మాత్రం కొనకండి. ఏ గ్రంథం, ఏ ముద్రాపకుడు, ఏ సంవత్సరం, అందులో ఏ భాగం, ఏ అధ్యాయం అన్నది మీ అంతట మీరు సరిచూసుకోగలిగాకే డబ్బు కట్టండి. ఈ సేకరణలో అసలు సరుకు ఆ గుర్తింపే. అది తేలని ఆకు అయిదు వందల ఏళ్లదైనా పాత కాగితంగానే మిగిలిపోతుంది.

"1483, న్యూరెంబర్గ్" అన్నారంటే ఎక్కువగా రెండిట్లో ఒకటి అయి ఉంటుంది. రెండూ ఆంటోన్ కోబెర్గర్ అచ్చు వేసినవే. మొదటిది బార్తొలోమేయుస్ ఆంగ్లికుస్ రాసిన "దే ప్రొప్రియెతాతిబుస్ రేరుమ్", అంటే వస్తువుల గుణాల గురించిన గ్రంథం. రెండోది విన్సెంట్ ఆఫ్ బొవే రాసిన "స్పెకులుమ్ హిస్తోరియాలె", అంటే ఆయన పెద్ద విజ్ఞాన సర్వస్వంలోని చరిత్ర భాగం. కోబెర్గర్ దగ్గర 24 ప్రెస్సులు, నూరుమందికి పైగా పనివాళ్లు ఉండేవారని న్యూరెంబర్గ్‌కే చెందిన యోహాన్ నాయ్‌డోర్ఫర్ 1547లో రాశాడు. అంత పెద్ద ఎత్తున అచ్చయ్యాయి కాబట్టే ఆయన పుస్తకాలు చాలా మిగిలాయి. సగం పుటలు పోయిన ప్రతులూ ఎక్కువే. విడి ఆకులు వాటి నుంచే వస్తాయి.

మొదటి కొనుగోలుకు నా సలహా బార్తొలోమేయుస్ ఆకే. ఆయన ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1240 ప్రాంతంలో ఈ గ్రంథాన్ని 19 భాగాలుగా రాశాడు. దేవుడు, దేవదూతలు, ఆత్మ అంటూ మొదలై శరీరం, రోగాలు, ఆకాశం, కాలం మీదుగా పక్షులు (12), నీళ్లు, చేపలు (13), దేశాలు (15), రాళ్లు, లోహాలు (16), మొక్కలు (17), జంతువులు (18) దాకా సాగి, రంగులు, వాసనలు, రుచులతో ముగుస్తుంది. దేశాలు, రాళ్లు, మొక్కలు, జంతువుల భాగాల్లో అధ్యాయాలు అక్షరక్రమంలో ఉంటాయి. కొత్తవాళ్లకు ఇది పెద్ద వరం. మీ ఆకు మీద వరుసగా నాలుగు శీర్షికలు ఒకే అక్షరంతో మొదలై, అవన్నీ చెట్ల పేర్లయితే, మీరు 17వ భాగంలో ఉన్నట్టే. విన్సెంట్ చరిత్ర భాగం అలా కాదు. 31 భాగాల ఆ సముద్రంలో చోటు పట్టుకోవడానికి లాటిన్ కాస్త గట్టిగానే వచ్చి ఉండాలి.

విషయాన్ని బట్టి ఆకు ఎంచుకునే అవకాశం ఉంటే మనవాళ్లకు ఆసక్తి కలిగించేవి మూడున్నాయి. 15వ భాగంలో "దే ఇందియా" అనే అధ్యాయం ఉంది. 17లో మిరియాల మీద అధ్యాయం ఉంది. మిరియాల చెట్లకు పాములు కాపలా కాస్తాయని, జనం మంట పెట్టి వాటిని తరుముతారని, ఆ మంటకే మిరియం నల్లబడుతుందని స్పెయిన్‌లోని సెవిల్ బిషప్ ఇసిడోర్ ఏడో శతాబ్దంలో రాసిన కథ అక్కడికి వచ్చి చేరింది. 16లో వజ్రం గురించి ఉంది: భారతదేశపు రాయి, దేనికీ లొంగదు, వేడి మేకరక్తంలో మాత్రం మెత్తబడుతుంది అని. బ్రెజిల్‌లో 18వ శతాబ్దంలో గనులు బయటపడేదాకా యూరప్ చేరిన వజ్రాల్లో అత్యధికం భారత్‌వే. మన కృష్ణా తీరపు గనులకు అందులో పెద్ద వాటా ఉంది. ఆ రాయి గురించి యూరప్‌వాళ్లు ఏం నమ్మేవారో అదే కాలపు కాగితం మీద చదవడం చాలా విలువైన అనుభవం. ఈ అధ్యాయాలున్న ఆకుల కోసం వెతికేవాళ్లు ఎక్కువ, అందుకే ధర కూడా ఎక్కువ. తొందరపడకండి, వస్తూనే ఉంటాయి.

మిగతా గ్రంథాల గురించి కొద్దిగా. ఇసిడోర్ "ఎతిమోలోగియే" మొదటి ముద్రణ 1472లో ఆగ్స్‌బర్గ్‌లో గుంటర్ త్సైనర్ వేశాడు. వృత్తంలో ఆంగ్ల టీ ఆకారం గీసి ప్రపంచాన్ని మూడు ముక్కలుగా చూపిన బొమ్మ అందులోనే ఉంది. యూరప్‌లో అచ్చయిన మొదటి మ్యాపు అదే. ఆ ఒక్క ఆకు చవగ్గా దొరికిందంటే అది నకలే అనుకోండి. మిగతా ఆకులు మాత్రం అందుబాటులోనే ఉంటాయి. తొమ్మిదో శతాబ్దపు జర్మన్ సన్యాసి హ్రబానుస్ మౌరుస్ "దే ఉనివెర్సో"ను స్ట్రాస్‌బర్గ్‌లో అడోల్ఫ్ రుష్ 1467 జులై 20కి ముందే అచ్చు వేశాడు. ఆల్ప్స్‌కు ఉత్తరాన రోమన్ టైపు (ఇప్పటి ఆంగ్ల పుస్తకాల్లోలాంటి గుండ్రటి అక్షరాలు) తొలిసారి వాడింది అతనే, అందులోని "ఆర్" అక్షరం వింత ఆకారం వల్ల చాలాకాలం అతన్ని "ఆర్-ప్రింటర్" అనే పిలిచారు. ఆ టైపు ఒకసారి చూస్తే మళ్లీ మరచిపోరు. కొన్రాడ్ ఫొన్ మెగెన్‌బెర్గ్ జర్మన్‌లో రాసిన "బూఖ్ దెర్ నటూర్" (ఆగ్స్‌బర్గ్, బేమ్లర్, 1475), మైంజ్‌లో యాకొబ్ మైడెన్‌బాఖ్ 1491లో వేసిన "హోర్తుస్ సానితాతిస్" బొమ్మల పుస్తకాలు. రెండోదాంట్లో వెయ్యికి పైగా చెక్కబొమ్మలు (చెక్క దిమ్మ మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలు) ఉన్నాయి, రంగులు వేసిన ఆకులు చాలా తిరుగుతుంటాయి. ఎక్కువ మోసం జరిగేది కూడా అక్కడే. అందుకే బొమ్మలతో మొదలుపెట్టవద్దంటాను. ఇక బార్తొలోమేయుస్ గ్రంథానికి జాన్ ట్రెవిసా చేసిన ఆంగ్లానువాదాన్ని వింకిన్ డి వోర్డ్ 1495 ప్రాంతంలో లండన్‌ దగ్గర వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు వేశాడు. అది జాన్ టేట్ మిల్లులో, ఇంగ్లండ్‌లోనే తయారైన కాగితం మీద అచ్చయింది. దాని ఆకులకు ఆంగ్ల ముద్రణ చరిత్ర సేకరించేవాళ్లంతా పోటీ. మొదటి కొనుగోలుకు అది పనికిరాదు.

ఇప్పుడు గుర్తింపు. ఇక్కడ ఓపిక పెట్టండి.

మొదట కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి, లేదా అలా తీసిన ఫోటో అడగాలి. చిక్కగా సన్నగీతలు, వాటికి అడ్డంగా దాదాపు 25 నుంచి 40 మి.మీ. ఎడంతో దూరదూరంగా గీతలు కనిపిస్తాయి. ఈ దూరపు గీతల్నే చెయిన్ లైన్లు అంటారు. ఆ కాలపు కాగితాన్ని తీగల జల్లెడ మీద గుడ్డపీలికల గుజ్జుతో చేసేవారు, ఇవి ఆ తీగల జాడలు. పూర్తి షీటును ఒక్క మడత వేస్తే ఫోలియో: చెయిన్ లైన్లు నిలువుగా ఉంటాయి, వాటర్‌మార్క్ ఆకు మధ్యలో వస్తుంది. షీటుకు ఒక సగంలోనే వాటర్‌మార్క్ ఉంటుంది కాబట్టి ఫోలియో ఆకుల్లో సగానికి అది ఉండనే ఉండదు. వాటర్‌మార్క్ లేకపోతే నకిలీ అన్న మాట తప్పు. రెండు మడతలు వేస్తే క్వార్టో: గీతలు అడ్డంగా, వాటర్‌మార్క్ లోపలి మడత దగ్గర సగం తెగి ఉంటుంది. మనం మాట్లాడుకుంటున్నవి దాదాపు అన్నీ ఫోలియోలే. "ఫోలియో" అని చెప్పి అడ్డగీతలున్న ఆకు చూపిస్తే, అది వేరే పుస్తకానిది అయి ఉంటుంది.

పరిమాణం కూడా సాక్ష్యమే. ఆ రోజుల్లో పెద్ద సైజు, "రాయల్" షీటు సుమారు 61.5 × 44.5 సెం.మీ., చిన్న సైజు, "చాన్సరీ" షీటు సుమారు 45 × 31.5 సెం.మీ. మడిస్తే రాయల్ ఫోలియో ఆకు దాదాపు 44 × 30, చాన్సరీ ఫోలియో 31 × 22 వస్తుంది. బైండర్లు ప్రతిసారీ అంచులు కోసేవారు కాబట్టి కొలతలు తగ్గుతాయే కానీ పెరగవు. అందుకే ఆకు కొలత కంటే అచ్చుపడిన చోటు కొలత ముఖ్యం: పై వరుస నుంచి కింది వరుస దాకా ఎత్తు, రెండు కాలమ్‌లు కలిపి వెడల్పు. దాన్ని ఏ కత్తీ మార్చలేదు.

తర్వాత వరుసలు లెక్కపెట్టండి. ఒక్కో కాలమ్‌లో ఎన్నో రాసుకోండి. ఆపైన 20 వరుసల కొలత తీయాలి. ఒక వరుస అడుగు నుంచి, దాని కింద ఇరవయ్యో వరుస అడుగు దాకా మిల్లీమీటర్లలో. అక్షరాల తోకలు పట్టించుకోకండి, అక్షరం నిలబడే గీతనే తీసుకోండి. 80 వచ్చి, అవి గోతిక్ అక్షరాలైతే (కోణాలుగా విరిచినట్టుండే నల్లటి పాత అక్షరాలు), జాబితాల్లో దాన్ని "80జి" అని రాస్తారు. రోమన్ అయితే "ఆర్". కాగితాన్ని తడిపి అచ్చు వేసేవారు, ఆరాక అది ముడుచుకునేది. అందువల్ల ఒకే పుస్తకంలో ఆకుకీ ఆకుకీ ఒక మిల్లీమీటరు తేడా మామూలే. మూడు నాలుగు మిల్లీమీటర్లు తేడా వస్తే మాత్రం వేరే టైపు. ఫోటోలోంచి కొలవాలంటే పక్కన స్కేలు పెట్టి, నేరుగా పైనుంచి తీసిన ఫోటో కావాలి. వాలుగా తీసింది పనికిరాదు.

ఇక చదవడం. లాటిన్ రాకపోయినా ఈ పని చేయొచ్చు, కానీ సంక్షిప్తాల పద్ధతి తెలియాలి. అచ్చు మీద చిన్న గీత ఉంటే అక్కడ "మ్" గానీ "న్" గానీ మింగేశారు. "పి" అక్షరం కాలికి అడ్డగీత ఉంటే "పెర్" లేదా "పర్". అదే కాలికి మెలిక తిరిగిన తోక ఉంటే "ప్రొ". మాట చివర అంకె 9 లాంటిది కనిపిస్తే "ఉస్". పొడుగాటి "ఎస్" అక్షరం "ఎఫ్" లా కనిపించి అందరినీ మోసం చేస్తుంది. దాని అడ్డగీత కాలి ఎడమపక్కన మాత్రమే ఉంటుంది, లేదా అసలుండదు. ఈ నాలుగైదు పట్టుబడితే ఒక అధ్యాయ శీర్షికా, కింద రెండు వరుసలూ విడదీసి టైపు చేయగలరు. ఇసిడోర్ లాటిన్ పాఠం మొత్తం అంతర్జాలంలో ఉంది. విన్సెంట్‌కు 1624లో దువే పట్టణంలో వేసిన ముద్రణ స్కాన్‌లు దొరుకుతాయి. అలా గ్రంథం, భాగం, అధ్యాయం తేలతాయి.

గ్రంథం తేలాక ఐఎస్‌టీసీకి వెళ్లండి. 15వ శతాబ్దపు అచ్చు పుస్తకాల అంతర్జాతీయ జాబితా అది, దాదాపు 30 వేల ముద్రణలు అందులో నమోదయ్యాయి, ఉచితం. రచయిత పేరుతో వెతికితే ఆ గ్రంథపు ముద్రణలన్నీ వస్తాయి. చాలావాటికి గ్రంథాలయ స్కాన్‌ల లంకెలుంటాయి. అదే కాలపు అచ్చు పుస్తకాలకు జర్మన్లు తయారుచేస్తున్న గెజాంట్‌కాటలోగ్ అనే జాబితాలో కాలమ్‌లు, వరుసలు, టైపు కొలతలు ఇంకా వివరంగా ఇస్తారు. మీ లెక్కలు దానితో సరిపోతే ఆ ముద్రణ స్కాన్ తెరిచి అదే అధ్యాయానికి వెళ్లండి.

చివరి తీర్పు వరుసల చివరి మాటల దగ్గర. మీ ఆకులో ప్రతి వరుస ఏ అక్షరంతో ముగిసిందో, స్కాన్‌లోనూ అక్కడే ముగియాలి. పది వరుసలు చూడండి, రెండు కాలమ్‌లలోనూ, రెండువైపులా. పాత ముద్రణను పక్కన పెట్టుకుని పుటకు పుట దించిన ముద్రణలు కొన్ని ఉంటాయి. వాటిలో కూడా సంక్షిప్తాలు ఒకేలా ఉండవు, ఒకచోట "పెర్" పూర్తిగా పేరిస్తే ఇంకోచోట గీతతో సరిపెడతారు. బార్తొలోమేయుస్ విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. కోబెర్గరే 1483లో ఒకసారి, 1492లో ఒకసారి అచ్చు వేశాడు. స్ట్రాస్‌బర్గ్‌లో 1485, 1491 ముద్రణలున్నాయి. అన్నీ గోతిక్ టైపు, రెండేసి కాలమ్‌లు. చాలామంది అమ్మకందారులు పాత చీటీ మీద ఉన్నదే ఎత్తి రాస్తారు. మోసం చేయాలని కాదు, సరిచూడరు అంతే. 1492 ఆకు చెడ్డదేం కాదు, కానీ 1483 అని నమ్మి కొనకూడదు కదా.

అసలు, నకలు. టార్చి లైటును కాగితానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. లోహపు అచ్చులు తడి కాగితంలో దిగిన గుంటలు ముందువైపు, వాటి ఉబ్బులు వెనకవైపు కనిపించాలి. అధ్యాయం ముగిసి కాలమ్ ఖాళీగా మిగిలిన చోట ఇంకా శ్రద్ధగా చూడండి. ప్రెస్సు బరువు ఒకేలా పడేందుకు అక్కడ సిరా పూయని అచ్చులు పేర్చేవారు. తెల్లటి ఖాళీలో రంగులేని అక్షరాల గుంటలు వాలువెలుతురులో పైకి తేలతాయి. ఫోటో తీసి అచ్చు వేసిన నకలులో అవి ఉండవు. పది రెట్ల భూతద్దంలో అక్షరం అంచు చూస్తే, నొక్కుడుకి సిరా బయటికి తోసుకువచ్చి సన్నని గట్టులా పేరుకుని ఉంటుంది. ఆఫ్‌సెట్ నకలులో చుక్కల జాలం కనిపిస్తుంది. లేజర్ ప్రింటులో అక్షరం చుట్టూ మెరిసే పొడి రేణువులు చెదిరి ఉంటాయి. పురుగు తొలిచిన రంధ్రాలు ముందూ వెనకా ఒకేచోట ఉండాలి, అక్షరాన్ని కూడా తినేయాలి. రంధ్రం "బొమ్మ" మాత్రమే అచ్చయి ఉంటే ఇక చూడాల్సింది లేదు.

అతినీలలోహిత టార్చి, 365 నానోమీటర్లది, చవగ్గానే దొరుకుతుంది. చీకటి గదిలో వేస్తే ఆధునిక కాగితం నీలితెలుపులో మెరుస్తుంది, తెల్లదనం కోసం కలిపే రసాయనాల వల్ల. పాత గుడ్డ కాగితం మందంగా, పసుపుపచ్చగా ఉండిపోతుంది. అతికిన చోట్లు, కొత్త జిగురు కూడా అప్పుడే బయటపడతాయి.

ఇక ఎర్ర రంగు పని. ఆ పుస్తకాల్లో అధ్యాయపు మొదటి అక్షరానికి చోటు వదిలి, అందులో చిన్న అక్షరం ఒకటి గుర్తుగా అచ్చు వేసేవారు. తర్వాత చేతిరాతగాడు పెద్ద అక్షరాన్ని ఎరుపులోనో నీలంలోనో గీసేవాడు. వాక్యం మొదటి అక్షరాల మీద చిన్న ఎర్ర గీత కొట్టుకుంటూ పోయేవాడు. ఆ గీతలు యాంత్రికంగా, వేగంగా, రెండువైపులా ఒకేలా ఉంటాయి. ముందువైపు మాత్రం బంగారు పూతతో మెరిసే అక్షరం, వెనకవైపు ఖాళీ గుర్తు అక్షరం అలాగే మిగిలి ఉంటే ఎవరో ఈమధ్య అమ్మకం కోసం వేసిందే. చెక్కబొమ్మల రంగులూ అంతే. రాగితో చేసిన పాత ఆకుపచ్చ కాగితాన్ని కొరుకుతుంది. వెనకవైపు గోధుమరంగు నీడ పడుతుంది, ఆ చోట కాగితం పెళుసుబారుతుంది, ఎదురు పుట మీద కూడా మరక దిగుతుంది. మచ్చలూ మురికీ మీదుగా నీటుగా వేసి, వెనక ఏ జాడా లేని పచ్చ రంగు కొత్తది. కొత్త రంగు వేసిన ఆకుకు రంగు లేని ఆకు కంటే తక్కువే ఇవ్వాలి. నా లెక్కలో అది దెబ్బతిన్న ఆకు.

తెల్లగా మెరిసిపోయే ఆకులకు కూడా ఆశపడకండి. ఉతికి, తెల్లబరిచి, బరువుపెట్టి చదును చేసినవి అవి. జెలటిన్ పూత పోయి కాగితం గుడ్డలా వేలాడుతుంది, అచ్చు గుంటలు చదునైపోతాయి. బాగున్న ఆకును మెల్లగా ఆడిస్తే గలగలమంటుంది. అంచుల్లో నీటి చార, రెండు మూడు పురుగు రంధ్రాలు, ఎవరో పాత సిరాతో పక్కన రాసిన మాటలు, ఇవేవీ లోపాలు కావు. పాత పాఠకుడి రాత ఉంటే నేనైతే ఇంకొంచెం ఎక్కువే పెడతాను. శీర్షిక తెగిపోవడం, అక్షరాలున్న చోట చిరుగు, టేపు అంటించడం మాత్రం లోపాలే.

ఆకు ఎక్కడినుంచి వచ్చింది అనేది మర్యాదకు అడిగే ప్రశ్న కాదు. మంచి ప్రతుల్ని విడగొట్టి ఆకులుగా అమ్మడం పాత వ్యాపారమే. 1921లో గేబ్రియల్ వెల్స్ ఒక అసంపూర్ణ గూటెన్‌బర్గ్ బైబిల్‌ను విడదీసి ఆకుకో చిన్న పుస్తకం కట్టి అమ్మాడు. క్లీవ్‌లాండ్‌లో ఓటో ఎగె చేతిరాత పుస్తకాల్నీ అచ్చు పుస్తకాల్నీ విడదీసి పెట్టెలుగా అమ్మాడు, అది మంచిపనేనని 1938లో రాసి సమర్థించుకున్నాడు కూడా. ఆయన చెదరగొట్టినవాటిని ఇప్పటికీ పండితులు ఆకు ఆకు వెతికి కలుపుతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పూర్తి ప్రతిని విడగొట్టేవాళ్ల దగ్గర కొనకూడదు. మనం కొంటేనే వాళ్లు ఇంకోదాన్ని కోస్తారు. ఒకే అమ్మకందారు ఒకే పురుగు రంధ్రాలున్న వరస ఆకులు, చివరన ముద్రాపకుడి వివరాలుండే కొలోఫన్ ఆకుతో సహా అమ్ముతుంటే, ఆ ప్రతి నిన్న మొన్నటిదాకా నిండుగా ఉందన్నమాట. లోపలి అంచు కూడా చూడండి. ఆకు మొత్తం వయసుతో రంగు మారి, లోపలి అంచు మాత్రం తెల్లగా, పదునుగా ఉంటే ఈమధ్యే కోశారు.

ఇందులో దొంగసొత్తు ప్రమాదం కూడా ఉంది. ఫోర్బ్స్ స్మైలీ అనే మ్యాపుల వ్యాపారి 2005లో యేల్ విశ్వవిద్యాలయపు బైనెకి గ్రంథాలయంలో దొరికిపోయాడు. నేల మీద పడిన చిన్న కత్తి బ్లేడును సిబ్బంది చూడబట్టి. విడి ఆకును కోసి జేబులో పెట్టుకోవడం అంత తేలిక. గ్రంథాలయ ముద్ర ఉండి, దాన్ని కొట్టేసినట్టు రెండో ముద్ర లేకపోతే కొనకండి. ముద్ర ఉన్న చోట గీకినట్టు కాగితం పలచబడి ఉంటే అసలే కొనకండి.

మనస్సాక్షికి ఏ ఇబ్బందీ లేని ఆకులు కూడా ఉన్నాయి: పాత బైండింగుల్లోంచి తీసినవి. 16, 17 శతాబ్దాల్లో బైండర్లు పాత పుస్తకాల కాగితాన్ని అట్టల లోపల వాడేవారు. జిగురు మరక, మడత, ఒకవైపు ముదురు గోధుమరంగు ఉంటాయి. చూడ్డానికి అంత బాగుండవు. కానీ ఆ పుస్తకం ఎప్పుడో నాశనమైంది, మిగిలింది ఈ ముక్కే. ఇలాంటి ఆకు దొరికితే మరకలు చూసి వదులుకోకండి.

కాబట్టి మీ అమ్మకందారుకు ఇలా రాయండి: రెండువైపులా స్కేలుతో ఫోటోలు, వాలువెలుతురులో ఒకటి, వెనకనుంచి వెలుతురు పెట్టి ఒకటి, ఐఎస్‌టీసీ నంబరు, ఆ ప్రతి ఎలా దొరికింది, ఇంకెన్ని ఆకులు మిగిలాయి. మంచి వ్యాపారి రెండు రోజుల్లో అన్నీ పంపుతారు, తిరిగి ఇచ్చే అవకాశం కూడా రాసిస్తారు. "నిజమైనదని సర్టిఫికెట్ ఇస్తాం" అని మాత్రమే జవాబొస్తే వదిలేయండి. ఆ సర్టిఫికెట్ ఎవరైనా ముద్రించుకోవచ్చు.

విజయవాడలో దాచడం. గుడ్డ కాగితం చాలా గట్టిది, మన దినపత్రికలా పదేళ్లకే పొడి కాదు. దాని శత్రువులు తేమ, వెలుతురు, జిగురు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. 65 దాటి రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది. కోస్తాలో వానాకాలం ఆ గీత దాటడం మామూలే. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని ఆకు ఉన్నచోటే పెట్టండి. స్టీలు బీరువాలో పెడితే బయటి గోడకు ఆనించకండి, అడుగు అరలో పెట్టకండి. పగలంతా ఏసీ వేసి రాత్రి కట్టేస్తే తేమ పైకీ కిందికీ ఊగుతుంది, అదీ మంచిది కాదు. ఆసిడ్ లేని అట్ట పెట్టెలో పెడితే ఆ ఊపు చాలా తగ్గుతుంది. సిలికా జెల్ పొట్లాలు పెట్టి మరచిపోకండి. మొదట అతిగా ఆరబెడతాయి, నిండాక ఇక పనిచేయవు. గది వేడెక్కితే పీల్చిన తేమనే తిరిగి వదులుతాయి. కలరా ఉండలు వద్దే వద్దు, వాసన కాగితానికి పట్టి పోదు, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తాయి. సిల్వర్‌ఫిష్ రాకుండా పెట్టె శుభ్రంగా, పొడిగా ఉంటే చాలు, నెలకోసారి తెరిచి చూడండి.

రంగులు లేని ఆకుకు పాలియెస్టర్ ఫిల్ము కవరు బాగుంటుంది, రెండు పక్కలు తెరిచి ఉన్నది. రెండువైపులా చూడొచ్చు, చెయ్యి తగలదు. స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. రంగు వేసిన ఆకును ఏ ప్లాస్టిక్‌లోనూ పెట్టకండి, స్థిరవిద్యుత్తు రంగు రేకుల్ని లేపేస్తుంది. దానికి ఆసిడ్ లేని కాగితపు ఫోల్డరే సరి. ఫ్రేము కట్టించాలని ఉంటే పై అంచున వెనకవైపు రెండు చిన్న జపనీస్ కాగితపు ముక్కలు గోధుమ గంజితో అంటించి వేలాడదీయాలి, నాలుగువైపులా అంటించకూడదు. ముందు, మధ్యలో కిటికీలా కోసిన అట్ట పెట్టించి అద్దం కాగితాన్ని తాకకుండా చూడాలి. అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దం వాడినా, 50 లక్స్‌కు మించని వెలుతురులో, కొన్ని నెలలే ఉంచి మళ్లీ పెట్టెలో పెట్టాలి. లామినేషన్ చేయిస్తే ఆకు పోయినట్టే. చిరుగుకు టేపు వేయకండి, అలాగే ఉంచినా ఏమీ కాదు.

ప్రతి ఆకుకూ ఒక చీటీ రాసి ఫోల్డర్‌లో పెట్టండి. గ్రంథం, ముద్రాపకుడు, ఊరు, తేదీ, ఐఎస్‌టీసీ నంబరు, భాగం, అధ్యాయాలు, ఆకు కొలత, అచ్చు కొలత, వరుసలు, 20 వరుసల కొలత, వాటర్‌మార్క్ ఉంటే దాని బొమ్మ, పురుగు రంధ్రాలు ఎక్కడున్నాయి, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారు. రంధ్రాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. అదే ప్రతిలోని మరో ఆకు ఎక్కడో బయటపడితే, రెండూ పక్కపక్కవని తేల్చేది అవే. ఆకు మీదే ఏదైనా రాయాల్సి వస్తే కింది మూల మెత్తటి పెన్సిలుతో చిన్న నంబరు మాత్రమే.

మన దేశపు నిబంధనలు రెండు మాటల్లో. నూరేళ్లు దాటిన పురావస్తువులు కస్టమ్స్ పన్నుల పట్టికలో 9706 నంబరు కింద వస్తాయి. పంపేవాళ్లు ఇన్‌వాయిస్ మీద ముద్రణ సంవత్సరం, అసలు ధర స్పష్టంగా రాయాలి. "పేపర్" అనో "గిఫ్ట్" అనో రాస్తే పార్సిలు వారాలు ఆగిపోతుంది. తెప్పించే ముందే కొరియర్‌తో ఆనాటి పన్ను ఎంతో కనుక్కోండి. రెండోది ఇంకా ముఖ్యం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడానికి వీల్లేదు. కొన్నాక నచ్చక విదేశీ వ్యాపారికి తిప్పి పంపుదాం, లేదా అక్కడి వేలంలో అమ్ముదాం అనుకుంటే ఇది అడ్డుపడుతుంది. అందుకే పరీక్షలన్నీ ఫోటోల మీదే, ఆకు అక్కడ ఉండగానే పూర్తి చేయాలి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో మీవాళ్లెవరైనా ఉంటే మొదట వాళ్ల చిరునామాకు తెప్పించి, వాలువెలుతురు పరీక్ష, వరుసల పోలిక వాళ్లచేత చేయించి, తిరిగిచ్చే గడువు దాటకముందే నిర్ణయం తీసుకోండి.